తీతువుకు కాపలా

మా నాయిన ఆ గుడ్లను మొదట చూసింది ఎనభై ఎనిమిది ఏప్రిల్ రెండో తారీకు, శనివారం పొద్దున. అప్పటికి రెండే. సోమవారానికి నాలుగయ్యాయి. నేను డబ్బింగ్ థియేటర్‌కి బయల్దేరబోతుంటే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"జర ఆగు బిడ్డా. ఒక్క నిమిషం. నేనేడ అడుగేస్తే ఆడనే ఎయ్యాలె, పక్కకు పోవద్దు."

చేతిలో టిఫిన్ డబ్బాతో ఆయన వెనకే నడిచాను. ప్లాటు దక్షిణం మూల, రెండు పెద్ద బండల నడుమ కాస్త చదునుగా ఉండే జాగా. నాయిన ఆగి, వేలుతో చూపించాడు. గులకరాళ్ళు తప్ప నాకేమీ కనబడలేదు.

"నీ కాలుకు నాలుగు మూరల దూరంల ఉన్నయి. మెల్లగ జూడు."

మెల్లగా చూశాను. రాళ్ళలో నాలుగు రాళ్ళు రాళ్ళు కావు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు, సన్నటి కొసలు నాలుగూ లోపలికి తిరిగి ఉన్నాయి. ఒక పుల్ల లేదు, పీచు లేదు.

"తీతువు," అన్నాడు నాయిన. "గూడు గట్టదు. ఉత్త నేల మీదనే పెడ్తది. ఇయ్యాల్టి సంది ఇర్వై ఎన్మిది దినాలు."

అప్పుడే ఆ పక్షి మా నెత్తి మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. పసుపుపచ్చ కాళ్ళు, కళ్ళ ముందర ఎర్రటి తోలు. మగదో ఆడదో, ఇంకొకటి దూరంగా ఒక రెక్క ఈడ్చుకుంటూ కుంటుతోంది. దెబ్బ తగిలిందేమో అన్నాను.

"ఏం దాక్లె. మనల్ని అటు గుంజుకపోవాలని నాటకం," అని నాయిన నవ్వాడు. ఆయన నవ్వడం నేను చాలా రోజులకు చూశాను.

నాయిన పేరు వెంకటనర్సయ్య. సిద్దిపేట పక్కన మా ఊరు. సైన్యంలో ఇరవై నాలుగేళ్ళు చేసి సుబేదారుగా రిటైరయ్యాడు. ఆయన పని మందుపాతరలు వెతికి తియ్యడం. డెబ్బై ఒకటి యుద్ధంలో పంజాబు సరిహద్దులో ఉన్నాడని మాకు తెలుసు, అంతకుమించి ఏమీ తెలీదు. అమ్మ బతికుండగా అడిగితే, "నేల తవ్వినం, నేల పూడ్చినం," అనేవాడు.

జూబ్లీహిల్స్‌లో అప్పటికి ఇళ్ళకంటే బండలే ఎక్కువ. గుంటూరు వైపు నుంచి అచ్యుతరామయ్య గారని ఒకాయన రెండువేల గజాల ప్లాటు కొని, కాపలాకి నమ్మకమైన మనిషి కావాలంటే ఎవరో నాయిన పేరు చెప్పారు. ప్లాటు మూలకు రెండు గదుల రేకుల ఇల్లు. అమ్మ పోయాక మేమిద్దరం అక్కడికి వచ్చాం. సీతాఫలం పొదలు, బండల మీద తొండలు, పొదల్లో కౌజు పిట్టలు. పొద్దున్నే నాలుగున్నరకు లేచి నాయిన ప్లాటంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు. ఎప్పుడూ తల వంచుకునే నడిచేవాడు. నేను లేచేసరికి చాయ్ పెట్టి, తను చూసినవన్నీ చెప్పేవాడు. ముంగిస తల్లి పిల్లల్ని ఎక్కడికి మార్చింది, పాము కుబుసం ఎక్కడ విడిచింది, ఏ పొదకు ఏ పురుగు పట్టింది. నేను సగం నిద్రలో ఊఁ కొట్టేదాన్ని. ఇంట్లో మాట్లాడుకోవడానికి మాకు ఇంకో విషయం ఉండేది కాదు.

నేను గొంతు అమ్ముకుని బతికేదాన్ని. మొహం కాదు, గొంతు మాత్రమే. ఆరేళ్ళుగా సినిమాల్లో పక్కింటావిడ, నర్సు, పెళ్ళిలో పేరంటాలు, బస్సులో "దిగాలి దిగాలి" అని అరిచే అమ్మాయి, అన్నీ నేనే. మైకు ముందు నా మాట విని అందరూ మాది తెనాలి అనుకునేవాళ్ళు. నేను కాదనలేదు. 'నాయినా' అని పిలిచే నోరు బస్సు దిగేసరికి 'నాన్నగారు' అనేది. ఇంట్లో ఒక భాష, పనిలో ఒక భాష. రెండిటికీ నడుమ ఫిల్మ్‌నగర్ ఎత్తు రోడ్డు.

పది రోజులయ్యాక ప్రొడక్షన్ మేనేజర్ వీరరాఘవయ్య గారు మా ప్లాటుకు వచ్చారు. భీమవరం మనిషి, తెల్ల బుష్‌షర్టు, చంకలో తోలుసంచి. నాకు మొదటిసారి మైకు ముందు నిలబడే అవకాశం ఇప్పించింది ఆయనే. యుద్ధం సినిమా తీస్తున్నారు, ఆఖరి పోరాటం ఈ బండల్లో తియ్యాలని డైరెక్టరు గారికి మనసైంది, అచ్యుతరామయ్య గారు ఒప్పుకున్నారు.

"ఇంకో మాటమ్మా మంజూ," అన్నారు నన్ను పక్కకు పిలిచి. "హీరోయిన్ బొంబాయి పిల్ల. తెలుగు ముక్క రాదు. నీ గొంతు పెడదామని డైరెక్టరు గారికి చెప్పాను. ఊఁ అన్నారు."

నాకు కాళ్ళు భూమ్మీద నిలవలేదు. ఆరేళ్ళు ఆ మాట కోసమే ఎదురుచూశాను.

నాయినను కూడా పనిలో పెట్టుకున్నారు. సైనికులుగా వేసే ముప్పైమంది జూనియర్ ఆర్టిస్టులకు నడక, పాకడం, తుపాకీ పట్టడం నేర్పాలి. నాయిన అంతా విని ఒక్కటే అడిగాడు.

"నేర్పిస్త సార్. గని ఆ దక్షిణం మూల మాత్రం మీవోళ్ళు రావద్దు. మే రెండో తారీకు దాక. ఆడ గుడ్లున్నయి."

"ఏం గుడ్లండీ?"

"తీతువుయి."

వీరరాఘవయ్య గారు నవ్వారు, కానీ ఎగతాళిగా కాదు. "అంత పెద్ద ప్లాటులో ఆ మూలతో మాకేం పనండీ సుబేదారు గారూ. అలాగే."

నాయిన ఆ మూల చుట్టూ మేకులు పాతి, తెల్లటి నవారు కట్టాడు. మోకాలి ఎత్తున, బిగుతుగా, నాలుగు పక్కలా. ఎండకు పక్షి నోరు తెరుచుకుని గుడ్ల మీద నిలబడితే, కాస్త దూరంలో మూకుడుతో నీళ్ళు పెట్టాడు. అది పొట్ట ఈకలు ఆ నీళ్ళలో తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. ఆయన దగ్గరికెళ్తే లేచేది కాదు. నేనెళ్తే ఊరంతా ఏకమయ్యేలా అరిచేది.

వెనకవైపు కంకర కొట్టే దేవమ్మ నీళ్ళకోసం మా ఇంటికి వచ్చేది. ఆ అరుపు విన్నప్పుడల్లా గుండె మీద చెయ్యేసుకునేది. "తీతువు ఇంటి కాడ కూస్తే మంచిగుండదు సుబేదారన్నా. ఎల్లగొట్టరాదు."

"అది కూస్తలేదమ్మా, అరుస్తున్నది. మనం దగ్గరికి పోతున్నమని," అన్నాడు నాయిన.

ఏప్రిల్ ఇరవై రెండున షూటింగ్ మొదలైంది. అయిదు రోజుల పని. నాయిన పాత ఖాకీ ప్యాంటు ఇస్త్రీ చేసుకున్నాడు. నేను పని లేనప్పుడు గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. ఆ ముప్పైమందిలో హోటల్లో సర్వరు ఉన్నాడు, సైకిలు షాపతను ఉన్నాడు. ఒకతనికి పొట్ట అడ్డం వచ్చి పాకలేకపోతే మిగతావాళ్ళు పడి పడి నవ్వారు. నాయిన నవ్వలేదు. తనే నేల మీద బోర్లా పడుకుని, మోచేతుల మీద పది గజాలు పాకి చూపించాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. చప్పుడు లేదు, దుమ్ము లేవలేదు. నవ్వులు ఆగిపోయాయి.

సైట్లో అందరూ ఆ తెల్ల నవారు మూలను 'సుబేదారు గారి బోర్డరు' అనడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు ఎవరూ అది దాటలేదు.

అయిదో రోజు, మంగళవారం. సాయంత్రం అయిదున్నరకు డైరెక్టరు గారు కెమెరాలోంచి చూసి ఏదో అన్నారు. ఆ రెండు బండల నడుమ సూర్యుడు దిగుతున్నాడట. హీరో అటునుంచి పరిగెత్తుకురావాలి, వెనకాల ఆఖరి బాంబు పేలాలి. బాంబులవాళ్ళు తట్ట, పార పట్టుకుని దక్షిణం మూలకు బయల్దేరారు. నాయిన వాళ్ళకంటే ముందు వెళ్ళి, నవారు దాటి, గుడ్లకు నాలుగు మూరల దూరంలో బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చున్నాడు.

మొదట అసిస్టెంట్లు వెళ్ళారు. తర్వాత కెమెరామన్. తర్వాత వీరరాఘవయ్య గారు వెళ్ళి చేతులు జోడించారు. నాయిన ఎవరి మీదా గొంతు పెంచలేదు. "మాట అనుకున్నం గద సార్. ఇంక ఆరు దినాలే," అన్నాడట. అంతే.

వీరరాఘవయ్య గారు నా దగ్గరికి వచ్చేసరికి చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఆయన్ని తప్పుపట్టలేను.

"అమ్మా, నువ్వే వెళ్ళాలి. డెబ్బైమంది నిలబడి ఉన్నారు. హీరోగారు రేపు పొద్దున మద్రాసు వెళ్ళిపోతారు, మళ్ళీ నెలదాకా దొరకరు. లైటు చూస్తే ఇంకో ముప్పావుగంట." ఆగి, గొంతు తగ్గించారు. "ఆ కూర్చున్నాయన డబ్బింగ్ అమ్మాయి నాన్నేనా అని డైరెక్టరు గారు అడిగారు. అవునన్నాను. ఆయనేమీ అనలేదు. అనకపోవడమే నాకు బాగాలేదు."

నేను వెళ్ళాను. ఆ నడక నాకు ఇప్పటికీ తెలుసు. గుమ్మం దగ్గర్నుంచి ఆ మూలకు తొంభై అడుగులు ఉంటాయేమో. అంతమంది నా వీపు వైపు చూస్తున్నారు. నన్ను చూసి పక్షి రెక్కలు విప్పబోతే, నాయిన చెయ్యి కాస్త పైకెత్తాడు. నేను నవారు బయటే కూర్చున్నాను.

"ఎండ మొహానికి కొడ్తలేదా నాయినా?"

"లే."

"వీళ్ళు ఊకోరు. నాకు పని పోతది."

నాయిన పక్షి మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఒకసారి సాఫ్ అని జెప్పిన బిడ్డా."

నాకు అర్థం కాలేదు.

"డెబ్బై ఒకటిల. బాట మొత్తం చువ్వ గుచ్చి గుచ్చి జూసిన. పొద్దుగూకుతున్నది. ఎనక నుంచి ఆఫీసరు తొందర జేస్తుండు, నర్సయ్యా, సాఫేనా, సాఫేనా అని. ఇంక రెండు గజాలు మిగిలింది. సాఫ్ సాబ్ అన్న. రెండు గజాలల్ల ఏముంటదిలే అనుకున్న." ఒక గులకరాయి తీసి, ఎక్కడినుంచి తీశాడో అక్కడే పెట్టాడు. "ఒక పిలగాడు పోయిండు. పందొమ్మిదేండ్లు. నా మాట మీద అడుగేసిండు."

ఆయన అంతకుముందు ఎవరితోనూ ఆ సంగతి చెప్పలేదని నాకు తెలుసు. అమ్మతో కూడా. నేనేదో అనాలి. వెనకనుంచి ఎవరో "లైటు పోతోంది" అని అరిచారు.

నేను లేచి నిలబడ్డాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. మైకు ముందు ఒక్క టేకులో అయిపోయే డైలాగులా వచ్చింది.

"కెమెరా అటువైపు తిప్పేస్తున్నారు నాన్నా. ఇక్కడేమీ పేల్చరట. డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. మీరు లేచి రండి, కాస్త టీ తాగుదురుగాని."

నాయిన నా మొహంలోకి చూశాడు. ఎక్కువసేపేమీ కాదు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు, ప్యాంటుకంటిన మట్టి దులుపుకున్నాడు. ఒక్కో మేకు దగ్గర ఆగి ముడి విప్పుతూ, నవారంతా చేతికి చుట్టుకుంటూ నా వెనకే ఇంట్లోకి వచ్చాడు. ఎవరివైపూ చూడలేదు. స్టవ్ వెలిగించి తనే చాయ్ పెట్టాడు.

చాయ్ మరుగుతుండగా పేలింది. రేకులు అదిరి, సందుల్లోంచి దుమ్ము రాలింది. గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. బయట చప్పట్లు వినబడ్డాయి. నాయిన స్టవ్ మంట తగ్గించి, రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఒకటి నాకిచ్చాడు.

"వేడి ఉన్నది. జూసి పట్టు," అన్నాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆ మూల మోకాలి లోతు గుంటను నాయిన పూడుస్తున్నాడు. మట్టి పోసి, పాదంతో అదిమి, పైన గులకరాళ్ళు పరిచాడు. రెండు పక్షులూ రెండు రోజులపాటు ఆ జాగా మీద తిరుగుతూ అరిచాయి. మూడో రోజు లేవు. నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో అనేదాన్ని, ఏడ్చేదాన్ని, అయిపోయేది.

ఆయన అన్నీ ఎప్పటిలాగే చేసేవాడు. చాయ్ పెట్టేవాడు, నా గొడుగు సంచిలో పెట్టేవాడు, బస్సు దొరికిందా అని అడిగేవాడు. కానీ పొద్దున చూసొచ్చినవి చెప్పడం మానేశాడు. వారం రోజుల తర్వాత నేనే అడిగాను.

"ముంగిస కనబడ్తున్నదా నాయినా?"

"ఉన్నది," అన్నాడు.

ఆ తర్వాత అడగలేదు. చాయ్ తాగడం ఎంతసేపట్లో అయిపోతుందో అప్పుడే నాకు తెలిసింది.

మే నెలాఖర్లో డబ్బింగ్ మొదలైంది. పదకొండు రోజులు ఆ బొంబాయి అమ్మాయి పెదాలకు నా మాటలు తగిలించాను. ముద్దుగా అలిగాను, పకపకా నవ్వాను, శవం మీద పడి ఏడ్చాను. సౌండ్ ఇంజనీరు అద్దం వెనకనుంచి బొటనవేలెత్తి చూపించాడు. చివరి రోజు డైరెక్టరు గారు స్వయంగా వచ్చి, "ఎక్కడ దాచారయ్యా ఈ అమ్మాయిని ఇన్నాళ్ళూ," అన్నారు. వీరరాఘవయ్య గారు స్వీటు పెట్టె తెప్పించారు. అది పట్టుకుని ఇంటికి వస్తే నాయిన లేడు. తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. ఆయన వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. ఒక ముక్క తిని, "మంచిగున్నది బిడ్డా," అన్నాడు. చెప్పులకు ఎర్రమట్టి అంటి ఉంది. మా ప్లాటులో ఎర్రమట్టి లేదు.

మృగశిర వచ్చింది. వానలు పట్టుకున్నాయి. నాయిన పొద్దున్నే వెళ్ళి పదిగంటలకు వచ్చేవాడు, మళ్ళీ సాయంత్రం వెళ్ళేవాడు. వానలో కూడా. ఎక్కడికని నేను అడగలేదు. అడిగే హక్కు పోయిందనిపించేది. దేవమ్మే చెప్పింది ఒకరోజు బిందె నింపుకుంటూ.

"గుట్ట అవుతల మేం రాయి కొట్టే కాడ మీ నాయిన పొద్దుందాక నిలబడ్తడు. ఆ తీతువు మళ్ళ పెట్టిందట. మా బండి బాట గూడ మార్పిచ్చిండు. తాడు గట్టిండు. నీకు జెప్పలే?"

"చెప్పిండు," అన్నాను.

ఆ మర్నాడు ఆయనకు తెలియకుండా వెనకే వెళ్ళాను. సన్నగా జల్లు పడుతోంది. గుట్ట వాలులో, ఎర్రమట్టి నేల మీద, పాత మిలిటరీ రెయిన్‌కోటు వేసుకుని నాయిన నిలబడి ఉన్నాడు. గొడుగు చంకలోనే ఉంది, విప్పితే పక్షి బెదురుతుందని కాబోలు. ఆయనకు ముప్పై అడుగుల దూరంలో తెల్ల నవారు. దాని లోపల పక్షి కూర్చుని ఉంది. వానకు అదీ కదల్లేదు, ఈయనా కదల్లేదు.

ఒక బండ చాటున నిలబడి చూశాను. పిలిస్తే వినబడేంత దూరం. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిలిస్తే ఆయన తిరిగి చూసి, "తడుస్తున్నవ్ బిడ్డా, ఇంటికి పో," అంటాడు. అంతకంటే ఏమీ అనడు. గొడుగు ముడిచి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. దార్లో బస్సు కోసం కాసేపు నిలబడి, ఆ రోజు నాకు పనే లేదని గుర్తొచ్చి ఇంటికి నడిచాను.

జూన్ ఇరవై నాలుగున నాయినకు జ్వరం వచ్చింది. రెండు రోజులకు ఊపిరి తీస్తే పిల్లికూతలు వినబడ్డాయి. దేవమ్మ పెనిమిటి ఆటో తెచ్చాడు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చేర్పించాం. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, న్యుమోనియా, వేళకు తీసుకొచ్చారు, భయం లేదు అన్నారు. నాకు మాత్రం భయం వేసింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక వార్డు బయట బల్ల మీదే ఉండేదాన్ని.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన కాస్త తేరుకుని, దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. జావ తాగిస్తూ తాగిస్తూ చెప్పేశాను. ఇంకెప్పుడైనా అయితే చెప్పలేనని తెలిసి చెప్పేశాను.

"నాయినా, ఆ దినం నేను అబద్ధం జెప్పిన. కెమెరా తిప్పుతలేరు. నాకు ఎర్కుండే."

నాయిన చెంచా వైపే చూస్తూ, "నాకు గూడ ఎర్కే," అన్నాడు.

గిన్నె నా చేతిలో అలాగే ఉండిపోయింది.

"పుట్టి బుద్ధెరిగిన సంది నువ్వు నన్ను ఎన్నడన్న మీరు అన్నవా?" అన్నాడు. "లేచి రండి అన్నవ్. టీ తాగుదురుగాని అన్నవ్. ఎవరో మాట్లాడినట్టు ఉండె."

"మరి ఎందుకు లేసినవ్ నాయినా?"

ఆయన కొంచెం దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు అడిగితివి గద."

పక్క మంచం ముసలమ్మ మనవరాలిని ఏదో కసురుకుంటోంది. నర్సు సూదులు మరిగించే పాత్ర పట్టుకుని పోయింది. నేను జావ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. నాయిన తన చేత్తోనే చెంచా తీసుకుని మిగిలింది తాగాడు. మూతి తుడుచుకుని, చాలా రోజుల తర్వాత నన్నొక పని అడిగాడు.

"ఇయ్యాల్టికి ఇర్వై అయిదు దినాలు. నువ్వు పోయి జూసి రా. దగ్గరికి పోకు, తాడు అవుతలనే నిలబడు. ఉన్నది ఉన్నట్టు వచ్చి జెప్పు."

వెళ్ళాను. ఎర్రగడ్డలో బస్సెక్కి, దిగి, గుట్ట మీదకు నడిచి, తాడు బయట నిలబడ్డాను. పక్షి కూర్చుని ఉంది. వచ్చి చెప్పాను. మర్నాడూ వెళ్ళాను. మూడో రోజు పెద్ద వాన, అయినా వెళ్ళాను. నా మీద అరవడం అది మానలేదు.

ఇరవై ఎనిమిదో రోజున వెళ్ళేసరికి పక్షి లేదు. అరుపు లేదు. తాడు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నాయిన చెప్పినట్టు మెల్లగా చూశాను. గుడ్లు లేవు. పెంకులైనా లేవు. పిల్లలు కనబడలేదు. తడి మట్టిలో ఏవేవో అడుగులున్నాయి, పక్షివో, ముంగిసవో, కుక్కవో నాకు తెలీదు. గుట్టంతా తిరిగాను. దేవమ్మను అడిగాను, ఆమె చూడలేదంది. బట్టలన్నీ బురదయ్యాయి.

తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. నాలుగు పిల్లలు పుట్టాయి నాయినా, తల్లి వెంట పరిగెత్తుతున్నాయి అని చెప్తే ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు కనబడుతోంది. ఎలా చెప్పాలో కూడా తెలుసు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ నవ్వాలి, అన్నీ తెలుసు. అది నా వృత్తి.

నాయిన తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"గుడ్లు లేవు నాయినా," అన్నాను. "పిల్లలు గూడ కనబళ్ళే. పక్షి లేదు. ఏమైందో నాకు ఎర్కలేదు. గుట్టంత తిరిగిన. సమజ్ కాలే."

ఆయన నా చీర అంచుకు పట్టిన మట్టి వైపు చూశాడు. చూసి, మంచం మీద కాస్త పక్కకు జరిగి, కూర్చొమ్మన్నట్టు దుప్పటి మీద తట్టాడు.

"పుట్టిన దినమే నడుస్తయి అవి," అన్నాడు. "నడిచినయో, ఏదన్న ఎత్కపోయిందో. ఎవరికెర్క."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

నాయిన ఆ ఏడు పోలేదు. ఆసుపత్రి నుంచి మామూలుగానే ఇంటికొచ్చాడు. ఆ సినిమా దసరాకు విడుదలై బాగా ఆడింది. ఆ తర్వాత ఏడేళ్ళలో ఎంతమంది హీరోయిన్లకు గొంతునిచ్చానో లెక్క లేదు. మరుసటి జనవరిలో అచ్యుతరామయ్య గారు ఇల్లు మొదలుపెట్టారు. బండలు పగలగొట్టడానికి మందు పెట్టే రోజు వచ్చేలోపే మేము శ్రీనగర్ కాలనీలో రెండో అంతస్తులో కిరాయి ఇంటికి మారిపోయాం. అక్కడ నాయిన బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కింద సిమెంటు. పొద్దున్నే బంజారాహిల్స్ దాకా నడిచెళ్ళి, చెట్లున్న చోట తిరిగి వచ్చేవాడు. కాళ్ళు సహకరించినన్నాళ్ళు వెళ్ళాడు. ఆఖరి రెండేళ్ళు వెళ్ళలేదు.

తొంభై అయిదు ఆగస్టులో పోయాడు. పొద్దున చాయ్ ఇద్దామని లేపితే లేవలేదు. సైన్యంలో ఆయనతో చేసినవాళ్ళు ఇద్దరు సిద్దిపేట నుంచి వచ్చారు, సెల్యూట్ చేసి వెళ్ళారు.

దినాలు అయిపోయిన మర్నాడు సాయంత్రం వీరరాఘవయ్య గారు వచ్చారు. అప్పటికి ఆయన పని మానేసి, కొడుకు దగ్గర ఉంటున్నారు. రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. కాఫీ ఇచ్చాను. నాయిన ఫోటో వైపు చూస్తూ తాగారు.

"అడగొచ్చో లేదో తెలీదమ్మా," అన్నారు. "ఏడేళ్ళుగా అడగాలనుంది. ఆ రోజు మేమంతా చెప్తే కదల్లేదు ఆ మనిషి. నువ్వు వెళ్ళి అయిదు నిమిషాల్లో లేపుకొచ్చావు. ఏం చెప్పి లేపావు?"

"నేను లేపలే సార్," అన్నాను. "ఆయననే లేసిండు."

ఆయన నా వైపు కొంచెం ఆశ్చర్యంగా చూశారు. ఆయనతో నేను ఇంటి భాషలో మాట్లాడటం అదే మొదటిసారి. కాసేపు కూర్చుని, జాగ్రత్త అని చెప్పి, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగారు. కింద గేటు చప్పుడయ్యేదాకా నిలబడి తలుపు వేసుకున్నాను. ఆ రోజు నాకు రికార్డింగ్ లేదు.